టైరు మీది ఆ రెండంకెలు ఎవరూ చదవరేం?

బండి పేరు చెబితే చాలు, టైరు వచ్చేస్తుంది. కరీంనగర్‌లో అడిగినా కాకినాడలో అడిగినా టైర్ల షాపులో వరస ఒక్కటే.

"స్ప్లెండర్‌కి వెనక టైరు కావాలన్నా."

"ఏ కంపెనీ?"

"ఏది బాగుంటది?"

"ఎమ్మారెఫ్ ఉంది, సియట్ ఉంది. ఇంకో రెండొందలు తక్కువలో కావాలంటే అదీ ఉంది."

పావుగంటలో పాతది ఊడుతుంది, కొత్తది ఎక్కుతుంది, గాలి నిండుతుంది, బండి రోడ్డెక్కుతుంది. సంతలో వంకాయను పుచ్చుందేమోనని నాలుగు వైపులా తిప్పి చూసే మనిషి, ఇంటిల్లిపాదినీ మోసే టైరును ఒక్క వైపు కూడా చూడడు. చూస్తే చదవడానికి దాని మీద చాలానే ఉంది.

స్ప్లెండర్ ప్లస్‌నే తీసుకుందాం. ముందు టైరు 80/100-18, వెనకదీ 80/100-18. అంటే వెడల్పు 80 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు శాతం, రిమ్ము 18 అంగుళాలు. సైజు ఒకటే కనుక టైరూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానీ హీరో కంపెనీ ముందు టైరుకు 47పి అనీ, వెనక టైరుకు 54పి అనీ రాస్తుంది. 'పి' అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని. ఆ బండి ఎలాగూ అంత పోదు కనుక అక్షరాన్ని వదిలేయొచ్చు. తేడా అంతా అంకెలోనే ఉంది. 47 అంటే ఆ టైరు మోయగలిగేది 175 కిలోలు. 54 అంటే 212 కిలోలు. అదీ చెప్పినంత గాలి ఉన్నప్పుడే.

37 కిలోల తేడా ఎంతటిదో పాలబండిని చూస్తే తెలుస్తుంది. బండి బరువు 112 కిలోలు, అందులో సగం పైన, అరవై అనుకుందాం, వెనక చక్రం మీదే. నడిపేవాడు 70 కిలోల మనిషైతే కనీసం 45 వెనక్కే పడతాయి. రెండు పక్కలా వేలాడే 40 లీటర్ల క్యాన్లు నిండితే పాలే 82 కిలోలు, క్యాన్ల బరువు అదనం. అవి సరిగ్గా వెనక ఇరుసుకు అటూ ఇటూ ఉంటాయి కనుక ఆ భారం మొత్తం వెనక టైరుదే. కూడితే రెండొందల కిలోలకు అటూ ఇటూ తేలుతుంది. 54 ఉన్న టైరు దీన్ని అంచు మీద మోస్తుంది. 47 ఉన్నది ఊళ్లో ఉండగానే తన హద్దు దాటిపోతుంది, గుంతలో పడ్డప్పుడు వచ్చే దెబ్బ సంగతి సరేసరి. ఇద్దరు పెద్దవాళ్లు, మధ్యలో ఒక పిల్లాడు, ట్యాంకు మీద పాతిక కిలోల బియ్యం బస్తాతో వెళ్లే బండి లెక్క కూడా దీనికి పెద్ద దూరంలో ఉండదు.

షాపులో ఇదెవరూ చెప్పరంటే షాపువాళ్ల తప్పు అని కాదు. అడిగేవాళ్లు లేరు. పాతకాలపు మెకానిక్కులు 'ఎన్ని ప్లైల టైరు' అని అడిగేవారు, లగేజీ బండికి ఆరు ప్లైలది వేయమనేవారు. ఆ మాట మరుగున పడింది, దాని స్థానంలోకి వచ్చిన అంకె మాత్రం జనం నోటికెక్కలేదు. ముందుకు సరిపోయే టైరే కాస్త చవగ్గా దొరికిందని వెనక వేయించుకుని, ఏడాదికే పక్కలు పగిలాయని కంపెనీని తిట్టడం మాత్రం మిగిలింది.

కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లకు చవక అక్కర్లేదు, లావు కావాలి. వెనక నుంచి చూస్తే బండి బలంగా కనపడాలి. పల్సర్ 150 సింగిల్ డిస్కుకు కంపెనీ ఇచ్చేది 100/90-17. దానికి 120 సైజు ఎక్కించమని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బజాజ్ తనే ట్విన్ డిస్కు పల్సర్ 150కి 120/80-17 ఇచ్చింది కదా అని వాళ్ల వాదన. ఇచ్చింది నిజమే, కానీ టైరొక్కటే మార్చి ఊరుకోలేదు. వీల్‌బేస్‌ను 1320 మిల్లీమీటర్ల నుంచి 1345కి పెంచింది, వెనక డ్రమ్ము తీసి డిస్కు పెట్టింది. షాపులో మారేది టైరు మాత్రమే. ఇరుకు రిమ్ముకు లావు టైరు తొడిగితే దాని రెండు అంచులూ లోపలికి నొక్కుకుని, నడినెత్తి పైకి ఉబ్బుతుంది. రోడ్డుకు ఆనే భాగం పెరగకపోగా ఒక్కోసారి తగ్గుతుంది. మలుపులో బండి వంగే తీరు మారుతుంది. ఇద్దరెక్కితే చైన్ కవరుకో మడ్‌గార్డుకో రాసుకునే ప్రమాదం ఒకటి, మైలేజీ పడిపోవడం మరొకటి. లావు పెరిగితే పట్టు పెరుగుతుందన్నది ఈ సరంజామాలో అన్నిటికన్నా ఖరీదైన భ్రమ.

బటన్ టైరు మీదా ఇలాంటి మోజే ఉంది. నల్లరేగడి పొలాల్లోకి రోజూ బండి దింపే రైతుకు అది కావాల్సిందే. గుంటూరు, కర్నూలు పల్లెల్లో వాన పడ్డాక గట్టు దారి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు కాదనరు. కానీ ఆఫీసుకీ ఇంటికీ మధ్య తారు రోడ్డు మీదే తిరిగే బండికి బటన్లెందుకు? బటన్ల మధ్య ఖాళీలెక్కువ కనుక తారుకు ఆనే రబ్బరు తక్కువ. మోత ఎక్కువ, అరుగుదల ఎక్కువ. అక్కడ కావాల్సింది నీళ్లను పక్కలకు తోసే గాడులు. నాట్ల కాలంలో కేజ్‌వీల్ ట్రాక్టర్లు రోడ్డెక్కి వదిలిపోయే బురద మీద ఏ టైరూ నిలవదు, అక్కడ నెమ్మదిగా పోవడమొక్కటే దారి.

ఎప్పుడు మార్చాలన్నదానికి చట్టంలో ఓ లెక్క ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే అది పనికిరానట్టే. కార్లకు ఈ హద్దు 1.6. గుండ్రటి బండి టైరు నీటిని చీల్చుకుపోతుంది, నిజమే. అయినా నాలుగు చక్రాల మీద నిలబడేదానికి రెట్టింపు లోతు అడిగి, రెండు చక్రాల మీద తూగేదాన్ని సగంతో వదిలేయడం వింతగానే ఉంటుంది. ఆ హద్దు దాకా ఆగకుండా తొలకరికి ముందే మార్చుకోవడం మేలు. పైగా వెనక టైరు అన్నిచోట్లా సమానంగా అరగదు. హైదరాబాద్–విజయవాడ హైవేలాంటి నేరు రోడ్ల మీద తిరిగే బండి టైరు నడిమధ్యన చదునై, పక్కల్లో కొత్తదానిలా ఉంటుంది. పక్క గాడులు చూసి 'ఇంకా ఉందిలే' అనుకునేది అందుకే. ఇంజిను తోపు, ఎక్కువ బరువు రెండూ వెనక టైరువే కనుక అది ముందు టైరు కన్నా తొందరగా అరగడంలో వింత లేదు. మేకులూ ఎక్కువగా దానికే దిగుతాయి. రోడ్డు మీద పడుకున్న మేకును ముందు చక్రం లేపి నిలబెడితే వెనక చక్రం దాని మీదికి ఎక్కుతుంది.

టైరు పక్కగోడ మీద ఇంకో నాలుగంకెలుంటాయి, చిన్న గుడ్డు ఆకారపు గీతలో. 3224 అంటే 2024లో 32వ వారం, ఆగస్టులో పుట్టిన టైరు. కొన్నిటికి ఇది ఒక పక్కనే ఉంటుంది, కాబట్టి తిప్పి చూడాల్సిందే. రబ్బరు వాడకపోయినా ముదిరి గట్టిపడుతుంది. డిస్కౌంటు మీద వచ్చే టైరు ఎన్నాళ్లు గోడౌన్‌లో ఎండిందో చెప్పేది ఇదొక్కటే. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 15627 అన్న సంఖ్య ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. టైర్లకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2009లో.

బిగించేటప్పుడు బాణం గుర్తు చూడమనాలి. ముందూ వెనకా రెండింటికీ పనికొచ్చే టైర్ల మీద రెండు బాణాలుంటాయి, ఎదురెదురు దిక్కులకు. వెనక చక్రం రోడ్డును తోస్తుంది, ముందు చక్రం బ్రేకు భారాన్ని ఆపుతుంది. రెండింటి మీదా బలం పడే దిశ వేరు కనుక అలా వేస్తారు. స్పోకుల చక్రాలున్న బుల్లెట్‌కు ట్యూబ్‌లెస్ అని రాసిన టైరు వేసినా లోపల ట్యూబు ఉండాల్సిందే, స్పోకుల రంధ్రాల్లోంచి గాలి ఆగదు. ఇక కొత్త టైరు మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు జారుడుగానే ఉంటుంది. షాపు గుమ్మం దాటగానే బండి పడుకోబెట్టి మలుపు తిప్పే హుషారు ఆ రోజుకు వద్దు.

2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కాకుండా 2000 రూపాయలుండే టైరు మీద 200 మిగులు. చవక రకానికీ సరైన అంకె ఉన్న రకానికీ మధ్య తేడా చాలా షాపుల్లో దాదాపు అంతే ఉంటుంది.

కొనేవాడు ఎంత చదివినా ఒక సంగతి మాత్రం టైరు మీద దొరకదు: తడి రోడ్డు మీద అది ఎంత పట్టుకుంటుందన్నది. కార్లు, బస్సులు, లారీల టైర్లకు తడి పట్టు, దొర్లేటప్పటి నిరోధం, శబ్దాలకు ఏఐఎస్-142 అనే ప్రమాణం ఉంది. ఫ్రిజ్‌లకు చుక్కలిచ్చే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాటి టైర్లకూ స్టార్ లేబులు తెచ్చింది. ద్విచక్ర వాహనాలు ఈ రెండింటికీ బయటే ఉన్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లంతా టైరు వల్లే పోయారని కాదు. కానీ 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసిన ప్రభుత్వం, ఆ ఏబీఎస్ ఆధారపడే టైరు పట్టు గురించి కొనేవాడికి ఒక్క ముక్కా చెప్పించకపోవడం అర్థం కాని విషయం. టైరుకు లేని పట్టును ఏ ఏబీఎస్సూ పుట్టించలేదు.

ఇందుకు కొత్తగా పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. కొత్త టైరు మీద కంపెనీలు ఇప్పటికే ఓ రంగుల కాగితం అంటించి అమ్ముతున్నాయి. దాని మీద పేరూ సైజూ ఎలాగూ వేస్తున్నారు. వాటి పక్కనే మోయగల బరువు కిలోల్లో, తడి పట్టు గ్రేడు, తయారైన నెల స్థానిక భాషలో వేయమని ఆదేశించడానికి రవాణా శాఖకు అడ్డేముంది?