యంత్రసాక్షి యోగ్యత

ఎనిమిది కిలోగ్రాముల ప్లుటోనియము లెక్కకు రాకపోయినచో, దానితో నొక అణ్వాయుధము నిర్మింపబడు నవకాశమును త్రోసిపుచ్చరాదని 1957లో స్థాపితమైన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్ణయించియున్నది. అట్టి ద్రవ్యములుండు ప్రతి గిడ్డంగి వాకిటను తనిఖీదారుడు రేయింబవళ్లు కూర్చుండజాలడు. అందుచే వికిరణమును పసిగట్టు యంత్రములను నిలిపి, దూరమునుండియే వాని వార్తలను గైకొను పద్ధతి యేర్పడినది. ఈ యంత్రముల నెన్నుకొనుటలో చూపు నిశితత్వమే ప్రధానమని తలంచుట పొరపాటని మా యభిప్రాయము.

యంత్రమిచ్చట సాక్షి. సాక్షి యెంత సూక్ష్మదృష్టి గలవాడైనను, నడుమ నిద్రించినచో వాని వాఙ్మూలము చెల్లదు. జర్మేనియము స్ఫటికము గామాకిరణముల భేదములను మిక్కిలి స్పష్టముగ దెలుపును. కాని ద్రవనత్రజనితో గాని విద్యుద్యంత్రముతో గాని దానిని నిరంతరము చల్లబరుపవలెను. ఆ చల్లదనము తొలగెనా, అది మూగవోవును. సోడియము అయొడైడు చవుక, సాధారణోష్ణమున బనిచేయును. కాని దాని చూపు మందము, వేడిమి మారినకొలది కొలత జారును. కాడ్మియము జింకు టెల్లురైడు మధ్యేమార్గము. అయినను స్ఫటికము చిన్నదగుటచే గ్రహించు కిరణములు తక్కువ.

ఒక్క సాక్షితో వ్యాజ్యము నిలువదు. యురేనియము-235 వెలువరించు 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాకిరణమును అరయంగుళపు సీసపు పలక దాదాపు పూర్తిగ నడ్డగించును. ప్లుటోనియమునుండి వెలువడు న్యూట్రాన్లకు సీసమంతటి యడ్డుగాదు. కావున ప్లుటోనియమున్నచోట న్యూట్రాన్ శోధకము తోడుండవలెను. ఇందులకు ప్రసిద్ధమైన హీలియము-3 వాయువు 2009 ప్రాంతమున కొరతపడగా, బోరాన్ పూతగల గొట్టములవైపు దృష్టి మరలినది.

ఇది మనకు పరాయి విషయము గాదు. 2009లో నమలునకు వచ్చిన యొడంబడికను బట్టి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయపు కొన్ని విభాగములు ఆ సంస్థ తనిఖీక్రింద నున్నవి. వికిరణ మాపక యంత్రములను జేయు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును ఆ నగరముననే యున్నది.

కావున యంత్రమును ప్రయోగశాల చల్లదనమున గాక, అది నిలువవలసిన తావున, వైశాఖపుటెండలలో, మనుష్యస్పర్శ లేక నెలల తరబడి పరీక్షింపవలెను. ఊరక గంట మ్రోగించు యంత్రమును కొన్నాళ్లకు కావలివారే లక్ష్యపెట్టరు. అది పంపు వార్త నడిదారిలో మార్పుజెందలేదని తనిఖీ చేయువారికిని, తనిఖీకి లోనగువారికిని సమానముగ నమ్మకము గలుగవలెను. ఇరుపక్షములు నంగీకరింపని సాక్ష్యము వివాదమును దీర్పదు. క్రొత్త వివాదమును దెచ్చును.