కారు పన్ను ఒక్కసారే, ఇంధన పన్ను రోజూ

ఆంధ్రప్రదేశ్‌లో కారు కొన్నవాళ్లు లైఫ్ ట్యాక్స్ ఒక్కసారే కడతారు. 2022 సవరణతో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. అంటే స్తోమతను బట్టి పన్ను. ఇంధనానికి ఆ తేడా లేదు. పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్. రెండింటిపైనా లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 2020 నుంచి రూపాయి రోడ్డు సెస్సు.

ఎక్కువ తిరిగేవాడే ఎక్కువ కడతాడు, ఇందులో అన్యాయమేముంది అంటారు. కానీ కోనసీమ పేటల నుంచి కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి షేర్ ఆటోలో వెళ్లేవాళ్లు సొంత బండి లేకపోయినా చార్జీలో ఈ పన్ను కడుతున్నారు. సెంటు భూమి లేనివాళ్లకు పని ఎక్కడుంటే అక్కడికి పోవడం తప్పదు.

పక్కనే పుదుచ్చేరి పాలనలోని యానాంలో పెట్రోలు చౌక. వెళ్లి ట్యాంకు నింపుకోవడం కారున్నవాళ్లకు లాభం. రోజుకో లీటరు పోయించుకునేవాళ్లకు దారిఖర్చు కూడా గిట్టదు.

ఇంధన పన్ను ఎత్తేయమని మేం అనడం లేదు. ఖరీదైన కార్లపై ఏటా కొంత పన్ను వేసి, ఆ డబ్బుతో దళితవాడల దాకా ఆర్టీసీ బస్సులు నడపమంటున్నాం. రోడ్డు సెస్సు కడుతున్న పేటకు రోడ్డూ బస్సూ హక్కు. ఎవరి దయా కాదు.