నాలుగు నిర్వచనాలు, ఒక ఫోను



పోయిన వారం ఒక ఆన్‌లైన్ అకడమిక్ ఇంగ్లీషు కోర్సులో అసైన్‌మెంట్లు ఎట్లా ఉండాలో చూసి చెప్పమన్నారు. తెలుగు సారుకు ఇంగ్లీషుతో ఏం పని అంటారేమో. నా పీహెచ్‌డీ తెలుగులోనే. కానీ దానికోసం చదవాల్సిన పుస్తకాల్లో సగం ఇంగ్లీషువి. డిక్షనరీ పట్టుకుని ఎన్ని రాత్రులు కూచున్నానో నాకే తెలుసు.

మొదటి అసైన్‌మెంటు: మీ కుటుంబం వెళ్లిన విహారయాత్ర గురించి 150 పదాలు. రెండోది: నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూచుని రెండు నిమిషాలు మాట్లాడి వీడియో పంపాలి. మా వరంగల్ క్లాసులో ఒకమ్మాయి ఉంది, ములుగు వైపు పల్లె. ఇంట్లో ఒకటే గది, ఒకటే ఫోను. ఆ ఫోను కూడా పొద్దంతా నాయిన జేబులో కూలికి పోతది. ఆమెకు సున్నా వచ్చేది ఇంగ్లీషు రాక కాదు, గది లేక.

సరే, గది దొరికిందే అనుకుందాం. విహారయాత్ర మీద రాస్తే వచ్చేది అకడమిక్ ఇంగ్లీషా? రేపు ఎంఏ సెమినార్లో ఎదుటివాళ్ల వాదన కాదనాలంటే ఆ 150 పదాలు ఏం పనికొస్తాయి?

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ సెమినార్లో అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద పేపర్ చదివాడు. అప్పుడాయనకు 25 ఏళ్లు, మన పీజీ పిల్లల కంటే కొంచెం పెద్ద. సెనార్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్ ఇచ్చిన కులం నిర్వచనాలను ముందు పెట్టాడు. ఎక్కడ లోటుందో చూపాడు. కేత్కర్‌ది కొంత మెచ్చుకున్నాడు కూడా. కేత్కర్ చెప్పిన రెండు లక్షణాలు, అంటే కులంలో పుట్టినవాళ్లకే సభ్యత్వం, బయట పెళ్లి నిషేధం, రెండు కావనీ ఒకే విషయానికి రెండు వైపులనీ అన్నాడు. పక్కవాళ్లు చెప్పింది నిజాయితీగా చెప్పి, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని, ఆ తర్వాత కాదనడం. అకడమిక్ ఇంగ్లీషు అంటే ఇదే కదా?

అందుకే నేను చెప్పిందిది. ఆ నాలుగు నిర్వచనాలు ఒక పేజీలో, డౌన్‌లోడ్ చేసుకునేటట్టు ఇవ్వండి. మొదటి వారం ఎవరేమన్నారో తెలుగులో మాట్లాడుకోనివ్వండి. రెండో వారం ఒక్క నిర్వచనం మీద ఒక్క అభ్యంతరం, ఇంగ్లీషులో మూడు వాక్యాలు. మూడో వారం తమ సొంత నిర్వచనం. కాగితం మీద రాసి ఫొటో తీసినా, బస్టాండు రొదలో వాయిస్ మెసేజ్ పెట్టినా సరే. ఉచ్చారణకు మార్కులు వద్దు.

"భాష కోర్సులో కులం ఎందుకండీ?" అన్నారొకరు. విహారయాత్రకు కులం లేదా అని అడిగాను, కొంచెం గట్టిగానే. చివరికి గది షరతు తీసేశారు. విహారయాత్ర మాత్రం ఆప్షన్ కింద ఉంచారు.

నిర్వచనాల పేజీ టైపు చేస్తున్నాను. ముందు మా ఫస్టియర్ పిల్లలతో చదివించి చూడాలె. మీ కాలేజీల్లో ఇట్లాంటివి చేసి ఉంటే పంపండి, ఎక్కడ పిల్లలు ఆగిపోయారో కూడా రాయండి.