చిన్న వాటాదారుని మొర

అల్పసంఖ్యాకులన్న మాట మన కళాశాలకు కొత్తది కాదు. అయితే మేమిచట ప్రస్తావింపబూనినది మతమును బట్టియో, భాషను బట్టియో ఏర్పడిన వర్గమును గూర్చి కాదు. కంపెనీలో తక్కువ వాటాలు గల సభ్యుని గూర్చి. కామర్సు విద్యార్థులు పాఠ్యపుస్తకములో ఆయనను ఒకటి రెండు పుటలలో చూచి దాటిపోవుదురు. ఆయన గోడు అంతకంటె పెద్దది.

కంపెనీలో తలకొక ఓటు కాదు, వాటాకొక ఓటు. కంపెనీకి అన్యాయము జరిగినచో దావా వేయవలసినది కంపెనీయే గాని ఏ ఒక్క సభ్యుడో కాదని 1843లో ఇంగ్లండు న్యాయస్థానము ఫాస్ వర్సెస్ హార్‌బాటిల్ వ్యాజ్యములో చెప్పినది. తర్కము చక్కనిదే. కాని అన్యాయము చేసినవారి చేతిలోనే కంపెనీ ఉన్నప్పుడు దావా వేయునదెవరు? కంచెయే చేను మేయుచున్నప్పుడు కావలి ఎవరు?

ఇందుకు లండనులోని ఒక తివాచీల వ్యాపారము కథ మిక్కిలి తగినదిగా మాకు తోచుచున్నది. ఇబ్రహీమీ, నాజర్ అను ఇద్దరు పొత్తులో పర్షియా తివాచీలు అమ్ముచు, 1958లో ఆ వ్యాపారమును వెస్ట్‌బోర్న్ గ్యాలరీస్ అను కంపెనీగా మార్చినారు. చెరి 500 వాటాలు. పిదప నాజర్ కుమారుడు వ్యాపారములో చేరగా ఇద్దరును చెరి 100 వాటాలు అతనికిచ్చినారు. ఇబ్రహీమీ తన చేతితో ఇచ్చిన ఆ 100 వాటాలే ఆయనకు ముప్పు తెచ్చినవి. తండ్రీకొడుకులవి 600, ఆయనవి 400. 1969లో వారిద్దరు ఓటు వేసి ఆయనను డైరెక్టరు పదవినుండి తొలగించినారు. చట్టము అక్షరములను బట్టి చూచిన అందులో తప్పు లేదు. అయితే ఆ కంపెనీ డివిడెండు పంచెడిది కాదు. లాభమంతయు డైరెక్టర్లకు జీతముగానే ముట్టుచుండెను. పదవితోపాటు రాబడియు పోయినది. వాటాలు అమ్ముకొందమన్న డైరెక్టర్ల సమ్మతి కావలెను!

1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన పక్షమున తీర్పు చెప్పినది. కంపెనీ వెనుక మనుష్యులున్నారనియు, వారి నడుమనున్న హక్కులను, ఆశలను చట్టము మరువరాదనియు లార్డు విల్బర్‌ఫోర్సు అభిప్రాయపడినారు. తీర్పు న్యాయమే. మరి పరిహారమో? కంపెనీ మూసివేత. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకొనినట్లయినది.

ఇంగ్లండు 1980లో ఈ చిక్కు విప్పుకొన్నది. సభ్యునికి అన్యాయముగా హాని కలిగినదని రుజువైన చాలును. మూసివేతకు తగిన స్థితి చూపనక్కరలేదు. అతని వాటాలను సరియైన వెలకు కొనుడని ఎక్కువ వాటాలవారిని ఆజ్ఞాపించుట అచట పరిపాటి. మన 2013 చట్టము 241వ సెక్షనులో సభ్యునికి కలుగు హానిని చేర్చినది గాని, 242వ సెక్షనులో పాత షరతు విడువలేదు. కంపెనీని మూసివేయుట న్యాయమనదగినంత కారణమున్నగాని ట్రిబ్యునల్ ఉపశమనమీయదు. 2021లో టాటా–మిస్త్రీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ షరతునే నొక్కి చెప్పినది. నూటికి 18 వంతులకు పైగా వాటాలున్న పక్షమే ఓడినది. ఆ తీర్పు మంచిచెడ్డలు మేము విచారింపము. గోడ ఎంత ఎత్తో చూపుటకే ఈ ప్రస్తావన.

ఈ షరతును తొలగింపవలెనని మా అభిప్రాయము. ప్రతి తగవును ట్రిబ్యునల్ మెట్లెక్కునని కొందరనవచ్చును. అందుకు వేరే కట్టుబాటున్నది. నూరుగురు సభ్యులో, సభ్యులలో పదవ వంతో, మూలధనములో పదవ వంతు గలవారో అయిననే అర్జీ పెట్టవచ్చును. ట్రిబ్యునల్ దయతలచిన సడలింపు కలదు. పెద్ద కంపెనీలో విసిగినవాడు వాటాలు బజారులో అమ్ముకొని పోవును. బేగంబజారులో అన్నదమ్ములు కలిసి పెట్టిన ప్రైవేటు కంపెనీలో తమ్ముని వాటా కొనునదెవరు?

మన విద్యార్థులలో పలువురు రేపు ఇట్టి కుటుంబ వ్యాపారములలోనే చేరుదురు. విడిపోవునాడు వాటాకు వెల ఎవరు కట్టవలెను, ఎవరు కొనవలెను అనునది సంతకమునకు ముందే నియమావళిలో వ్రాయించుకొనుడు. పెదనాన్నను ఆ మాట అడుగుటకు నోరు రాదని మాకు తెలియును, అయినను అడుగుడు.