దెబ్బతిన్నవాడు ఎక్కడ?

"నీ పాపానికి ఇంకొకరు చావడమేమిటి?" అని క్రైస్తవ బంధువులను మనలో చాలామంది ఎద్దేవా చేస్తుంటారు. ఆ ప్రశ్న క్రైస్తవులే మనకన్నా ముందు వేసుకున్నారు. ఆంగ్లికన్ పండితుడు హేస్టింగ్స్ రాష్‌డాల్ ప్రాయశ్చిత్తంపై 1915లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1919లో పుస్తకంగా వచ్చాయి. దోషికి పడాల్సిన శిక్ష నిర్దోషిపై వేస్తే అది న్యాయం కాదన్నారాయన. పన్నెండో శతాబ్దపు అబెలార్డ్ బాటలో, సిలువ దేవుని కోపం చల్లార్చే బలి కాదు, మనిషి మనసు మార్చే ప్రేమ అన్నారు.

న్యాయశాస్త్రం చదివిన నాకు మొదటి మాటలో అభ్యంతరం లేదు. ఒకరి అప్పు మరొకరు తీర్చవచ్చు. ఒకరి జైలుశిక్ష మరొకరు అనుభవిస్తామంటే ఏ కోర్టూ ఒప్పుకోదు.

కానీ రాష్‌డాల్ సగం దారిలో ఆగిపోయారు. ఆయన వాదనలో ప్రధానంగా ఇద్దరే ఉన్నారు: పాపి, దేవుడు. మరి దెబ్బతిన్నవాడు ఎక్కడ?

ఈ లోటు మనకు చిన్నది కాదు. 1912లో అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆ కాలంలో మాల మాదిగలు పెద్దసంఖ్యలో సంఘంలో చేరారు. తమ పాపాలు ఒప్పుకోమని వాళ్లకు బోధించారు. సరే, వాళ్లను ఊరి బావి దగ్గరికి రానివ్వని పాపాన్ని ఎవరు, ఎవరి ముందు ఒప్పుకోవాలి? సిలువను శిక్షగా చూసినా, ప్రేమగా చూసినా దీనికి జవాబు దొరకదు.

ఈ ప్రశ్న పాతబడలేదు. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాలను నమ్ముకున్న తెలుగు కుటుంబాలెన్నో ఉన్నాయి. పవర్‌లూమ్‌లో కార్మికుడి వేళ్లు తెగితే, యజమాని గుడికి విరాళమిచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే చాలా? 1923 నాటి నష్టపరిహార చట్టం కూడా సొమ్ము కార్మికుడికే ఇమ్మంది.

అంగుళిమాలుడు మనసు మారి భిక్షువయ్యాడు. అయినా భిక్షకు వెళ్లినప్పుడు జనం విసిరిన రాళ్లు తగిలాయి. నెత్తురోడుతూ వచ్చిన అతన్ని బుద్ధుడు భరించమన్నాడు. నీ బదులు నేను భరిస్తానని అనలేదు. మనసు మారినంత మాత్రాన చేసిన పని చెరిగిపోదు.

ఇక మన సంగతి. బుద్ధుడు మార్గం చూపేవాడే, మోక్షం ఇచ్చేవాడు కాదని బాబాసాహెబ్ బోధించారు. మనమేమో 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయనే మన బదులు అన్నీ చేసేసినట్టు, పటానికి దండ వేసి ఊరుకుంటున్నాం. మాల మాదిగల మధ్య చిన్నచూపు అలాగే ఉంది. ఇంట్లో ఆడవాళ్లపై పెత్తనమూ అలాగే ఉంది. ఇవ్వనిది తీసుకోనని శీలం పట్టినవాడు, అంతకుముందు తీసుకున్నది తిరిగి ఇవ్వాలి కదా! ఎవరి దగ్గర తీసుకున్నాడో, వాళ్ల గుమ్మం దగ్గరికే వెళ్లి ఇవ్వాలి.