పంక్తిలో ఆయన విస్తరి

పాలకొండ నుంచి ఒక సోదరి రాస్తున్నారు: "మా మావగారికి పెద్దపేగు కేన్సరు. విశాఖపట్నంలో ఆపరేషను చేసి, పొట్టమీద దారి పెట్టి, సంచి తగిలించారు. జబ్బు నయమైందన్నారు. కాని వాసన వస్తుందేమోనని ఆయన బస్సెక్కరు, పెళ్ళిళ్ళకు రారు, మాతో కూర్చుని భోంచెయ్యరు."

అమ్మా, సగం వైద్యం ఆస్పత్రిలో అయింది. మిగిలిన సగం మీ ఇంట్లో జరగాలి. కేన్సరు అంటువ్యాధి కాదు. సంచి సరిగా అంటుకుంటే వాసన బయటికి రాదు. మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకు ఊడదు. చుట్టూ చర్మాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తడి లేకుండా అద్దండి. నూనె రాస్తే సంచి అంటుకోదు. ప్రయాణంలో ఇంకో సంచి వెంట వుంచండి. భయపడి పస్తుంటే వాయువు ఎక్కువవుతుంది. కొందరికి ఆ దారి కొన్నాళ్ళకు మూసేస్తారు. ఆయన సంగతి డాక్టరుగారిని అడగండి. జబ్బు తగ్గిందని పరీక్షలు మాత్రం మానకండి.

ఇవన్నీ నేర్పడం 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండులో ఒక వృత్తిగా మొదలైంది. నేర్పిన నార్మా గిల్ నర్సు కాదు. తానూ సంచి ధరించిన ఒక తల్లి.

వచ్చే పెళ్ళికి ఆయనను "వస్తారా?" అని అడగకండి. "మీరు రాకపోతే మేమూ వెళ్ళం" అనండి.