రక్తం పేరు చెప్పి ఇంకెన్నాళ్ళు?

పదో తరగతికి అనువంశికత పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ మాకు ఒకటే ప్రశ్న ఎదురైతది. మెండెల్ బఠానీ మొక్కల పొడుగూ పొట్టీ అయిపోయినంక వెనక బెంచీ నుంచి ఒక పిల్లగాడు లేస్తడు: "సార్, తెలివి గూడ రక్తంలనే ఉంటదా?" ఆ ప్రశ్న వాడిది కాదు. స్టాఫ్ రూంలో చాయ్ తాగుకుంట "ఎంత చదివితే ఏం లాభం, పుట్టుక ఎక్కడికి పోతది" అనే పెద్దమనుషులది. ఓరుగల్లు బడుల్లో ఇరవై ఏండ్ల సంది ఈ మాట వింటున్నం. ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ మొఖం చూసినోళ్ళం మేం. మా తాతలు తెలివి లేక బడికి పోలేదా, బడి గడప దాటనియ్యక పోలేదా?

సరే, సైన్సు పేరు ఎత్తిన్రు కాబట్టి సైన్సే మాట్లాడుదాం. డీఎన్‌ఏ అంటే నాలుగే అక్షరాల రాత: ఎ, టి, జి, సి. తల్లి నుంచి సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి అన్నే. ఏ ఇద్దరు మనుషులను పక్కపక్కన పెట్టినా తేడా దాదాపు వెయ్యికి ఒక్క అక్షరం. ఆ కొంచెం తేడాలో గూడ 85 శాతం దాకా ఒకే గుంపు లోపలి మనుషుల మధ్యనే ఉంటదని 1972లోనే రిచర్డ్ లెవాంటిన్ లెక్క తేల్చిండు. తెల్లతోలు చూసి మురిసేటోళ్ళకు ఇంకో ముచ్చట. మన దేశపోళ్ళ రంగు తేడాల్లో ఒక పాలు ఒకే ఒక్క అక్షరం జి పోయి ఎ రావడం వల్ల వచ్చింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2013లో లెక్కగడితే ఆ మార్పు వయసు 22 వేల నుంచి 28 వేల ఏండ్లు. అప్పటికి వేదమూ లేదు, మనువూ లేడు.

ఒక్క అక్షరం మారితే ఏమైతదో గోదావరి ఒడ్డు ఆదివాసీ గూడేల్లో చూడొచ్చు. హిమోగ్లోబిన్ రాతలో ఒక ఎ పోయి టి వస్తే ఎర్ర కణం కొడవలి లెక్క వంగుతది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే బిడ్డకు నరకం. ఒక్కరి నుంచే వస్తే చంపే మలేరియా నుంచి కాపలా. దోమలున్న అడవిల ఆ అక్షరం అందుకే నిలిచింది. ప్రకృతి వరణం అంటే ఇదే. ఎక్కువ, తక్కువ అనే మాటకు ఇక్కడ చోటెక్కడిది? ఏ చోట ఏది బతకనిస్తదన్నదే లెక్క.

అసలు కులం సంగతికొద్దాం. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళు కలిసి 25 జన సముదాయాల డీఎన్‌ఏ చదివిన్రు. అందులో మన మాల, మాదిగ, వైశ్యులూ ఉన్నరు. దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపే అని తేలింది. 2013లో 73 సముదాయాలు చూసిన్రు. సుమారు 4,200 నుంచి 1,900 ఏండ్ల కింది దాకా జనం కలిసి పెండ్లిళ్ళు చేసుకున్నరు, ఆ తర్వాత తలుపులు మూసుకున్నరు. కులం రక్తం నుంచి పుట్టలేదు. కులం కట్టుబాటే రక్తం మీద గీతలు గీసింది. కులానికి మూలం లోపలి పెండ్లేనని ఈ మాట 1916లో కొలంబియాలో 25 ఏండ్ల అంబేద్కర్ చెప్పిండు. రిస్లీ లాంటి దొరలు ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కడితే, 1948లో అదే కొలతలు పట్టి బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని వాదించిండు.

ఇక్కడ మా సొంతోళ్ళకు గూడ ఒక మాట. 2001లో విశాఖ జిల్లా తెలుగు కులాల మీద వచ్చిన పరిశోధన చేతబట్టుకొని "అగ్రకులపోళ్ళు యూరప్ రక్తం, మేం అసలు రక్తం" అని మన సభల్లో ఊగేటోళ్ళున్నరు. తమ్ముల్లారా, అది వాళ్ళ పాటే, రాగం మార్చి పాడుతున్నం. మనలో గూడ ఆ రెండు పాత జనాలూ ఉన్నరు. మనకు భూమి, చదువు, గౌరవం రావాల్సింది అన్యాయం జరిగినందుకు. రక్తం సర్టిఫికెట్ చూపి అడుక్కునే ఖర్మ మనకేంది?

ఇగ శుద్ధి కథ. 2017లో 263 సముదాయాలు చూస్తే 81 చోట్ల లోపలి పెండ్లిళ్ళు ఎంత గట్టిగ బిగిసినయంటే అంతర్లీన జబ్బుల ముప్పు పేరుకుపోయింది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ టైంల ఇచ్చే, కండరాలను సడలించే ఒక మందు తొందరగ విరగదని డాక్టర్లకు ఎప్పటి సందో తెలుసు. వాళ్ళను ఎగతాళి చెయ్యడానికి చెప్తలేం. మడికట్టుకున్నందుకు జరిమానా మడికట్టుకున్నోళ్ళ పిల్లలే కడుతున్నరు.

ఇవన్నీ పిల్లలకు తెలుస్తయనే భయమేమో. 2018లో సత్యపాల్ సింగ్ అనే కేంద్ర మంత్రి డార్విన్ తప్పన్నడు. 2023 ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం ఎగిరిపోయింది, "అనువంశికత" ఒక్కటే మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు పెట్టిన్రు. పదితోటే బడి మానే పిల్లలు ఎవరివాళ్ళు? మన వాడలోళ్ళే ఎక్కువ. వాళ్ళకు పుట్టుక ఒకటి మిగిల్చి మార్పును దాచిపెట్టిన్రు.

దళిత టీచర్లను మేం అడిగేది ఒక్కటే. పరీక్షల రాకపోయినా పరిణామం పాఠం రెండు పీరియడ్లు చెప్పున్రి. బోర్డు మీద నాలుగక్షరాలు రాసి, ఇందులో కులం ఎక్కడున్నదో చూపెట్టమని ఆ వెనక బెంచీ పిల్లగాణ్ణే పిలువున్రి.